‘స్లోవ్’ అనే దేశం లేదు

ఇరవై ఎనిమిదేళ్లు నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఏనాడూ సరిగా చెప్పలేకపోయాను. కంప్యూటర్లన్నాను, ఓడలన్నాను, చివరికి విసుగొచ్చి "జాబితాల్లో తప్పుల్లేకుండా చూస్తానమ్మా" అన్నాను. "రేషన్ డిపోలో గుమాస్తా లాగానా?" అంది. అప్పుడు నవ్వేశాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే అంతకంటే మంచి వర్ణన నాకూ తోచడం లేదు.

సింగపూర్‌లో ఓడలకు మరమ్మతులు చేసే ఒక కంపెనీలో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. మా మనుషుల్లో ఎవరు ఏ ఓడ మీద ఉన్నారు, ఏ సామాను ఏ రేవుకు వెళ్లింది, ఎవరి వీసా ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ ఉండే కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం, వాటిని సరిగా నడిపించడం నా పని. మేముండే వుడ్‌ల్యాండ్స్ పేటలో, మా అపార్ట్‌మెంట్ బ్లాకులోనే ఈమధ్య ముగ్గురు తెలుగు పిల్లలు ఇలాంటి ఉద్యోగాల్లో చేరారు. "ఆంటీ, మీ టైమ్‌లో జాబ్ ఎలా ఉండేది?" అని లిఫ్ట్ దగ్గర అడిగారు. లిఫ్ట్ వచ్చేలోగా చెప్పే జవాబు కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. నేను చేసిన ఒక తప్పు, దానివల్ల ఒక మనిషికి పట్టిన గతి, ఆ తర్వాత జరిగినది మాత్రం దాచకుండా రాస్తాను.

నవ్వకు

నేను చేరేనాటికి మా కంప్యూటర్లో దేశాల జాబితా చాలా పాతది. చెకోస్లొవేకియా అందులో ఉంది. యుగోస్లావియా ఉంది. సోవియట్ యూనియన్ ఉంది. లోకంలో ఆ మూడూ ముక్కలై అప్పటికే కొన్నేళ్లు. మా దగ్గర మాత్రం చెక్కు చెదరలేదు. వాటిలోంచి పుట్టిన కొత్త దేశాల పేర్లను అవసరం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కింద చేర్చుకుంటూ పోయారు.

మా విభాగానికి పెద్ద హెలెన్. యాభై దాటిన చైనీస్ ఆవిడ. మధ్యాహ్నం నాకంటే ముందే తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్లి, కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు చోటు పట్టి ఉంచేది, సింగపూర్ మాటలో ‘చోప్’ చేసేది. తింటూ తింటూ ఆ వారం నేను చేసిన తప్పులన్నీ వరసగా చెప్పేది.

ఒకసారి రీగా రేవులో ఆగిన ఓడకు పంపవలసిన పంపు విడిభాగాలు లిథువేనియాకు వెళ్లిపోయాయి. రీగా ఉన్నది లాత్వియాలో. రెండూ బాల్టిక్ సముద్రం ఒడ్డున ఇరుగుపొరుగు దేశాలు, రెండూ సోవియట్ యూనియన్‌లోంచి వచ్చినవే. ఓడ రెండు రోజులు ఊరికే నిలబడింది. భోజనం దగ్గర నేను తేలిగ్గా అనేశాను: "రెండు పేర్లూ ఒకలాగే ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?" అని నవ్వాను కూడా.

హెలెన్ చేతిలోని చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"భారతీ, ట్యాక్సీ అంకుల్స్ నిన్ను చూసి ఏమంటారు?"

"తమిళ్ అంటారు. వనక్కమ్ అని పలకరిస్తారు."

"కాదు, తెలుగు అని చెబితే?"

"రెండూ ఒకటే కదా అంటారు."

"అప్పుడు నవ్వుతావా?"

"లేదు."

"అయితే ఇక్కడా నవ్వకు, లా," అంది, సింగపూర్ వాళ్లు ప్రతి మాటకూ తగిలించే ఆ తోకతో.

మాట నాటుకుంది. అయితే మాట నాటుకోవడం వేరు, పనిలోకి దిగడం వేరని తెలియడానికి నాకింకా సమయం పట్టింది.

పది లోంచి ఆరు తీసేస్తే

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. తెలుగువాళ్లకు ఆ భయమే బతుకుతెరువైంది. సింగపూర్ ట్రైన్లో ఏ పెట్టె ఎక్కినా "ఏ ప్రాజెక్టండీ మీది?" అన్న పలకరింపు తెలుగులో వినబడేది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. వాటిని నాలుగు చేయాలి. పనంతా అదే.

ఆ పని మా కంపెనీలో నాది. మనుషుల్ని పరాయి రేవులకు పంపే తెర ఒకటుండేది, నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు. వరసకు ఎనభై అక్షరాలే పడతాయి. ఒక్కో మనిషి వరసలో మూడు తేదీలు: ప్రయాణం, వీసా గడువు, పాస్‌పోర్టు గడువు. తేదీకి రెండంకెలు పెరిగితే మొత్తం ఆరు. ఆ ఆరూ ఎక్కడ పెట్టాలి? వెళ్లే దేశం పేరుకు పది అక్షరాల చోటు ఉంది. అందులోంచి ఆరు తీసి తేదీలకు ఇచ్చాను. దేశం పేరుకు నాలుగు మిగిలాయి. రష్యాకు ‘రష్’, జపాన్‌కు ‘జపా’ అన్నట్టు ప్రతి దేశానికీ ఇంగ్లీషు పేరులో మొదటి నాలుగు అక్షరాలు కనబడితే చాలనుకున్నాను.

పరీక్షించి చూసినప్పుడు ఆస్ట్రియా, ఆస్ట్రేలియా ఒకేలా కనబడ్డాయి. వెంటనే పట్టుకుని సరిచేశాను. మా చిన్నాన్న కూతురు మెల్‌బోర్న్‌లో ఉంది కాబట్టి ఆ తప్పు నా కంటికి ఆనింది. నా తెలివికి నేనే మురిసిపోయి పరీక్ష అయిపోయిందని రాసి సంతకం పెట్టాను.

చెకోస్లొవేకియా రెండుగా విడిపోతే వచ్చినవి చెక్ దేశం, స్లొవేకియా. యుగోస్లావియాలోంచి వచ్చిన వాటిలో ఒకటి స్లోవేనియా. స్లొవేకియాకు సముద్రం లేదు. స్లోవేనియాకు కొంచెం తీరం, అక్కడ కోపర్ అనే రేవు ఉన్నాయి. నా తెర మీద రెండూ ఎస్, ఎల్, ఓ, వి. ‘స్లోవ్’. ఒకదాని కింద ఒకటి, కవల పిల్లల్లాగా.

పరీక్షలో నాకు తెలిసిన దేశాల్నే చూసుకున్నాను. ఈ వృత్తిలో చేరేవాళ్లకు నేను చెప్పదలచుకున్నదాంట్లో సగం ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

రిసెప్షన్ దగ్గర మనిషి

కొత్త తెర నడక మొదలై నెల దాటింది. ఒకరోజు పొద్దున్నే రిసెప్షన్ నుంచి ఫోన్. "భారతీ, మీ భాష మనిషి ఎవరో వచ్చాడు. జాకెట్ తీసుకో తీసుకో అంటున్నాడు, నాకేం అర్థం కావడం లేదు."

వెళ్లి చూస్తే నలభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. చేతుల మీద చక్కగా మడతపెట్టిన ఉన్ని జాకెట్, దానిపైన కంపెనీ బూట్లు. పేరు గురువులు. శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు మనిషి. సెంబవాంగ్ షిప్‌యార్డులో మా కంపెనీ ఫిట్టర్. ఏడేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

"తెలుగేనా అమ్మా? దండాలు. ఇవి కంపినీవి. ఎల్లిపోయే ముందు ఇచ్చేయాలి కదా అనీసి తెచ్చినాను."

"ఎక్కడికి వెళ్లిపోతున్నారు?"

"ఇంటికి. వర్కు పర్మిట్ కేన్సిల్ సేసీసినారు. ఎల్లుండి ఇమానం."

కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి అడిగాను. కోపర్ రేవులో ఒక ఓడ ఇంజన్ పనికి మా కంపెనీ జట్టొకటి అప్పటికే వెళ్లి ఉంది. అందులో ఒకతనికి జబ్బు చేస్తే బదులుగా గురువుల్ని పంపారు. ఆయన విమానం దిగింది బ్రాటిస్లావాలో. అది స్లొవేకియా రాజధాని.

"నాను ఓడకెల్లాలని కాయితం సూపించినాను. ఆ ఆపీసరు సదివి ఇంకో ఇద్దర్ని పిలిసినాడు. నవ్వుకున్నారమ్మా. కిటికీలోంచి నది సూపించినారు. నదుంది, పడవలూ ఉన్నాయి. నాను సెప్పిన ఓడ నేదు. వీసాలో ఒకటి, కాయితంలో ఒకటి, నువ్వు దొంగ పనికి వచ్చినావు అన్నట్టు మాటాడినారు. ఒకటిన్నర రోజు గదిలో ఉంచి, పాస్‌పోర్టు మీద ముద్రేసి ఎనక్కి పంపీసినారు."

"మరి పర్మిట్ ఎందుకు తీసేశారు?"

"ఆపీసర్లకి సరిగా జవాబు సెప్పలేదంట. ఎక్కడికెల్తున్నానో అడిగి తెలుసుకోలేదంట. అడిగినానమ్మా! టికెట్టు ఇచ్చిన అమ్మాయిని ఇది కోపరేనా అని రెండుసార్లు అడిగినాను. దగ్గర ఏర్‌పోర్టు అదే అన్నాది."

టికెట్లు చూసే సితి దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల తెర తెరిచి చూపించింది. "అక్కా, స్లోవ్ అని ఉంది. అందులో పైది తీసుకున్నాను."

తెర మీద రెండు స్లోవ్‌లు మెరుస్తున్నాయి. అది నా చేతి పని. పరీక్ష కాగితం మీద సంతకం నాది. కింద బల్ల దగ్గర జాకెట్ పట్టుకుని కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

నిజం చెప్పాలి కదా, ఓ పది నిమిషాలు చెప్పకూడదనే అనుకున్నాను. మా ఆయన కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో ఉన్నారు. ముగ్గురం నా ఉద్యోగం పాస్ మీదే సింగపూర్‌లో నిలబడి ఉన్నాం. అది పోతే పాప బడి మధ్యలో సామాన్లు సర్దుకోవాలి. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. చివరికి నన్ను కదిలించింది పెద్ద ధర్మమేమీ కాదు. ఆ జాకెట్ మడత. ఉద్యోగం తీసేసిన కంపెనీ జాకెట్టును అంత శ్రద్ధగా మడిచిన మనిషిని నిర్లక్ష్యపు మనిషని రాశారే అనిపించింది.

జరిగింది కాదు, చేశాను

హెలెన్ నా మాట పూర్తిగా విని ఒకటే అంది. "ముందు రాయి. మాట్లాడటం తర్వాత."

రాసి ఇచ్చాను. మొదటి వాక్యాన్నే కొట్టేసింది. "పొరపాటు జరిగింది అని రాశావు. ఎవరు చేస్తే జరిగింది? వాన లాగా పైనుంచి పడిందా?"

మళ్లీ రాశాను. మొత్తం మూడు వాక్యాలు. తెర మీద దేశం పేరును నాలుగు అక్షరాలకు కుదించింది నేను. దానివల్ల రెండు దేశాలు ఒకేలా కనబడి, గురువులు అనే ఫిట్టర్‌కు తప్పు దేశపు వీసా, టికెట్ వచ్చాయి. ఇందులో ఆయన తప్పు గానీ, సితి తప్పు గానీ లేదు.

హెలెన్ చదివి తన సంతకం కూడా పెట్టింది. "నీ పరీక్ష కాగితం చూడకుండా ఒప్పుకున్నది నేను కదా" అంది. ఆ మాటను నాకు ధైర్యం చెప్పడానికి అనలేదు. అది నిజం కాబట్టి అంది. ఆ తర్వాత ఎందరో పైఅధికారుల్ని చూశాను. కాగితం మీద తన పేరు తానే రాసుకున్నవాళ్లు ఇద్దరు కూడా లేరు.

మనుషుల్ని పంపే విభాగానికి డెస్మండ్ మేనేజర్. ఒకప్పుడు ఓడ ఇంజనీరు, మొండిఘటం. గురువులు మీద రిపోర్టు రాసింది ఆయనే. కాగితం చూసి పక్కన పడేశాడు.

"ఫైల్ మూసేశాం. టికెట్ కూడా కొన్నాం. మనిషన్నాక ఎక్కడికి పోతున్నాడో తెలుసుకోవద్దా?"

"మీకు కోపర్ తెలుసా సర్?"

"రెండుసార్లు వెళ్లాను. నన్ను అడుగుతున్నావా?"

"అయితే ఒక్క నిమిషం రండి. ఒక మనిషిని కోపర్ పంపించండి."

విసుక్కుంటూనే వచ్చి సితి కుర్చీలో కూర్చున్నాడు. పేరు కొట్టాడు. తేదీలు కొట్టాడు. దేశం దగ్గరికొచ్చేసరికి రెండు స్లోవ్‌లు. వేలు మీటల మీద ఆగిపోయింది. ఒకసారి పైదాన్ని, ఒకసారి కిందిదాన్ని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇందులో ఏది?"

"గురువులు గారు కూడా ఇదే అడిగారు సర్. అడగలేదని మీరు రాశారు."

ఆయన ముఖం ఎర్రబడింది. నేను అక్కడి నుంచి కదలలేదు. ఆ రిపోర్టు వెనక్కి తీసుకునేదాకా కదలకూడదనే వచ్చాను. డెస్మండ్ లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఒక కాగితం పంపాడు. గురువులు మీద రాసిన రిపోర్టు రద్దు. విమానం టికెట్ రద్దు. పర్మిట్ తిరిగి పెట్టించాలని ఆదేశం. కింద చేత్తో ఒక వాక్యం: ఆ తెరను రేపటికల్లా సరిచెయ్యండి.

నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. దాన్ని దాచుకున్నాను, ఇప్పటికీ ఉంది. తెరను ఆ రాత్రే సరిచేశాను. ఒక్కో మనిషికి ఒక్క వరస బదులు రెండు వరసలు ఇచ్చాను, దేశం పేరు పూర్తిగా. ఇంత తేలికైన దారి మొదట్లోనే ఎందుకు తోచలేదంటే, తేదీల మీద భయంతో మనుషుల సంగతి మరిచిపోయాను, అంతే.

నేను నేర్చుకున్నవి

మర్నాడు గురువులు గారికి అంతా చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. నేను తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను.

"కోపం నేదని సెప్పనమ్మా. ఆ గదిలో ఉన్నంతసేపూ మా ఆడదానికి ఏం సెప్పుకోవాలా అని ఏడిసినాను. ఉన్నాది కోపం." ఆ వెంటనే దారి కూడా ఆయనే చెప్పాడు. "మీరొక పని సెయ్యండి. టికెట్టుతో పాటు ఒక సీటీ ఇయ్యండి. ఏ దేశం, ఏ ఊరు, ఏ ఓడ, తెలుగులో రాసి. బెంగాలీ ఓడికి బెంగాలీలో. మేం సదువుకుంటే మేమే పట్టుకుంటాం కదా."

ఆ చీటీ పద్ధతి మా కంపెనీలో నేను మానేసేదాకా నడిచింది. తెలుగువి నేనే రాసేదాన్ని. నా ప్రోగ్రాములేవీ అన్నేళ్లు బతకలేదు. నేను రాసిన వాటన్నిటికంటే ఎక్కువ తప్పులు పట్టింది ఆ చీటీయే. వ్యవస్థను ఎవరు వాడతారో వాళ్లను అడుగుతారు అందరూ. అది ఎవరి మీద పనిచేస్తుందో వాళ్లను అడగరు. మీరు అడగండి.

ఇంకో సంగతి. కొన్నేళ్ల తర్వాత మా ఆఫీసు సింగపూర్‌లోనే వన్-నార్త్ అనే చోటికి మారింది. యుగోస్లావియాలో మిగిలిన భాగం సెర్బియా, మాంటెనెగ్రో అని పేరు మార్చుకుంది. దేశాలకు రెండక్షరాల గుర్తులిచ్చే అంతర్జాతీయ జాబితాలో దానికి సి, ఎస్ అని ఇచ్చారు. అవి ఒకప్పుడు చెకోస్లొవేకియా గుర్తు. "అక్కా, అధికారిక జాబితానే కదా, ఎక్కించేద్దాం" అన్నారు మా జట్టువాళ్లు. ఎక్కించనన్నాను. రెండు రోజులు అందరూ నన్ను చాదస్తపు మనిషిగా చూశారు. మూడో రోజు పాత రికార్డుల్లో చెకోస్లొవేకియాలో సర్టిఫికెట్లు పొందిన ఇంజనీర్లు బయటపడ్డారు. జాబితాను అలాగే ఎక్కిస్తే వాళ్లంతా ఒక్క మీటతో సెర్బియావాళ్లు అయిపోయేవారు. ఒక్కొక్కరి కాగితం తీసి, సర్టిఫికెట్ ఇచ్చిన ఊరు చూసి, సరైన దేశం పేరు రాసి, అప్పుడే కొత్త జాబితా ఎక్కించాను. ఆలస్యమైందని మాటపడ్డాను. ఈ ఉద్యోగంలో మాటపడటం కూడా పనిలో భాగమే. "ఆగండి" అనలేనివాళ్లు దీనిలోకి రాకండి.

గురువులు

ఆయన ఏమయ్యాడో చెప్పాలి. పర్మిట్ తిరిగి వచ్చింది గానీ, పాస్‌పోర్టు మీద ఆ ముద్ర అలాగే ఉంది. నాలుగు నెలల తర్వాత కోపర్‌లోనే ఇంకో ఓడ పని వచ్చింది. "వేరేవాళ్లను పంపుదాం, ముద్ర ఉంటే వీసా కష్టం" అన్నాడు డెస్మండ్. గురువులు ఒప్పుకోలేదు. "నన్ను దొంగన్నట్టు పంపినారు సార్. నాను పనోడినని అందరికీ తెలవాలి" అన్నాడు. ఆ మాటను నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. డెస్మండ్ తల ఊపి కాగితాలు ముందుకు జరిపాడు.

వీసా ఇంటర్వ్యూకు నేనూ వెళ్లాను. స్లోవేనియా అధికారిణి ముద్ర మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడిగింది. గురువులు నా వైపు చూశాడు. హెలెన్ కొట్టేశాక మళ్లీ రాసిన ఆ మూడు వాక్యాల కాగితాన్ని ఆమె ముందు పెట్టి, "ఆ తప్పు చేసింది నేను" అన్నాను. ఆవిడ రెండుసార్లు చదివింది. "మా దేశం ఉత్తరాలు కూడా అక్కడికే పోతుంటాయి" అని వీసా ఇచ్చింది.

ఆయన వెళ్లిన మర్నాడు నాకు పని సాగలేదు. పన్నెండు దాటినా భోజనానికి లేవలేదు. మూడు దాటాక ఫోన్ మోగింది. గాలి హోరు, ఇనుము మీద సుత్తి దెబ్బలు, వాటి మధ్యలోంచి గొంతు.

"అమ్మా, గురువుల్ని. వచ్చినాను."

"ఎక్కడున్నారు? ఊరు సరిగ్గా చూసుకున్నారా?"

"సీటీ, బోర్డు రెండూ సదివినాను. ఓడ పేరు కూడా సదివినాను. దాని మీదే నిలబడి మాటాడతన్నాను."

చలిగా ఉందా అని అడిగాను.

"సలిదేటుందమ్మా," అన్నాడు గురువులు. "ఇంజను ఇప్పీసినారు, పిలుస్తన్నారు. ఉంటాను, పనుంది."